పాత ఆటను కొత్త కంప్యూటర్‌లో ఆడించే విధానం

కొత్త కంప్యూటర్ కొన్నారు, సంతోషం. అన్నీ చిటికెలో తెరుచుకుంటున్నాయి. ఒకప్పుడు ఇంటర్నెట్ సెంటర్‌లో గంటల లెక్కన డబ్బు కట్టి ఆడిన స్టిక్ క్రికెట్ మాత్రం రావడం లేదు. ఆ పాత డబ్బాలో, ఆ నత్తనడక కనెక్షన్ మీద ఆడిన ఆట ఇప్పుడు రాకపోవడమేమిటి? తప్పు కచ్చితంగా అమ్మినవాడిదే. మెషీన్‌ను సంచిలో పెట్టుకుని నేరుగా సికింద్రాబాద్‌లో కంప్యూటర్లు అమ్మే సీటీసీకి వెళ్లండి. కౌంటర్ దగ్గర కుర్రాడు “సార్, అది ఫ్లాష్ ఆట. ఫ్లాష్ ఎప్పుడో ఆగిపోయింది, మా చేతుల్లో ఏం లేదు” అంటాడు. వినకండి. ఇంకో ర్యామ్ వేయమనండి, గ్రాఫిక్స్ కార్డు కూడా పెట్టమనండి. రెండు బాణం మీటల ఆటకు ఎంత సరంజామా కావాలో ముందే ఎవరు చెప్పగలరు?

ఆ కుర్రాడు చెప్పింది నిజమే అనుకోండి. అడోబీ కంపెనీ 2017 జులైలోనే చాటింపు వేసింది. బ్రౌజర్‌లో ఇలాంటి ఆటలు ఆడించే ఫ్లాష్ ప్లేయర్‌ను 2020 డిసెంబర్ 31తో వదిలేసింది. 2021 జనవరి 12 వచ్చేసరికి ప్లేయర్ తనంతట తానే మొరాయించేలా ముందే దాని లోపల ఏర్పాటు చేసి పెట్టింది. అయినా మూడేళ్ల ముందు చెప్తే ఎవరికి గుర్తుంటుంది, కరెంటు బిల్లు గడువే గుర్తుండదు మనకు. ఇక్కడ ఒక ఉపాయం ఉంది. తేదీ చూసుకుని ఆగిపోయే వస్తువైతే ఆ తేదీనే మార్చేస్తే సరి. కంప్యూటర్ గడియారాన్ని 2020కి తిప్పండి. ఫలితం వెంటనే కనిపిస్తుంది: బ్యాంకు సైటు తెరుచుకోదు, మెయిల్ తెరుచుకోదు. మీ కంప్యూటర్ లెక్కలో వాటి భద్రతా సర్టిఫికెట్లు ఇంకా పుట్టనే లేదు మరి. ఆట కూడా రాదు, ఎందుకంటే క్రోమ్ తనలో ఉన్న ఫ్లాష్‌ను 2021 జనవరిలోనే పీకేసింది. పోనీలెండి, బ్యాంకు తెరుచుకోకపోతే ఆ మేరకు ఖర్చు తగ్గినట్టే.

తేదీ మంత్రం పారకపోతే ‘ఫ్లాష్ ప్లేయర్ లేటెస్ట్ వెర్షన్’ అని వెతకండి. అడోబీ ఆపేసిన సరుకు తాజా వెర్షన్ ఎవరి దగ్గరుంటుంది అన్న సందేహం పెట్టుకోవద్దు, అలాంటి సందేహాలున్నవాళ్లు జీవితంలో ఏదీ ఇన్‌స్టాల్ చేయలేరు. ఏ సైటులో ఆకుపచ్చ బటన్ పెద్దదిగా ఉంటే అది నమ్మకమైన సైటు. మూడు బటన్లు మెరుస్తుంటే మూడూ నొక్కండి. యాంటీవైరస్ గోల పెడుతుంది. పెళ్లిలో అలిగిన పెద్దమనిషి లాంటిదది, కాసేపు పక్క గదిలో కూర్చోబెడితే సర్దుకుంటుంది. ఆపేయండి. అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగితే ఇచ్చేయండి, పాపం దానికి మాత్రం మీరు తప్ప ఎవరున్నారు. 2017 అక్టోబర్‌లో రష్యాలో, ఉక్రెయిన్‌లో ఎంతోమంది ఇలాగే ఫ్లాష్ అప్‌డేట్ అనుకుని నొక్కితే బ్యాడ్ రాబిట్ అనే వసూళ్ల గూండా ప్రోగ్రామ్ దిగి, ఫైళ్లకు తాళం వేసి, 0.05 బిట్‌కాయిన్ ఇమ్మని కూర్చుంది. కీవ్ మెట్రో, ఒడెసా విమానాశ్రయం కూడా దాని బారిన పడ్డాయి. చూశారా, ఒక్క నొక్కుతో విమానాశ్రయాల సరసన చేరే అవకాశం.

ఇంట్లోవాళ్లు నవ్వితే పెద్ద సంస్థల్ని ఉదాహరణ చూపించండి. చైనాలోని దాలియన్‌లో రైల్వేవాళ్లు ఫ్లాష్ మీదే పని నడుపుకుంటూ వచ్చారు. 2021 జనవరి 12న అది కాస్తా నిలిచిపోయేసరికి పాత వెర్షన్ వెతికి ఎక్కించుకున్నారు. దక్షిణాఫ్రికా పన్నుల శాఖ ఇంకా ఘనం. తమ ఫారాలను ఫ్లాష్ నుంచి మార్చడం పూర్తికాక, ఫ్లాష్ నడిచే బ్రౌజర్‌నే సొంతంగా తయారుచేసి అదే నెలలో జనం మీదికి వదిలింది. ఒక ప్రభుత్వమే అంత చేసినప్పుడు మీరు పాత ఫ్లాష్ కోసం ఆఫీసు ల్యాప్‌టాప్‌లో విండోస్ ఎక్స్‌పీ వేసుకోవడం ఏపాటి తప్పు? 2014 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ దాన్ని వదిలేసిన మాట నిజమే. ఆ తర్వాత బయటపడ్డ కంతల్లో చాలావాటిని పూడ్చే దిక్కు లేని మాటా నిజమే. గాలి బాగా ఆడుతుంది. అందులోనే నెట్ బ్యాంకింగ్ కూడా కానిచ్చేయండి, రెండు బ్రౌజర్లు ఎందుకు దండగ.

ఈ దారిలో మీకు కొందరు చెడ్డ స్నేహితులు తగులుతారు. ‘రఫుల్’ అని ఒకటుంది, బ్రౌజర్‌కు తగిలించుకుంటే చాలు, పాత ఫ్లాష్ ఆట దానంతటదే నడుస్తుందంటారు. దాని వాలకమే అనుమానంగా ఉంటుంది. ఉచితం. యాంటీవైరస్ ఆపమనదు, అడ్మిన్ పాస్‌వర్డ్ అడగదు, గడియారం జోలికి రాదు. అసలు ఫ్లాష్ ముక్క లేకుండానే దాని పనంతా అనుకరిస్తుంది. ఇంటర్నెట్ ఆర్కైవ్ 2020 నవంబర్ నుంచి తన దగ్గరున్న ఫ్లాష్ ఆటల్ని దీనితోనే ఆడిస్తోంది. రెండు నిమిషాల్లో ఆట మొదలైపోతే మిగిలిన ఆదివారమంతా ఏం చేస్తారు, అత్తారింటికి వెళ్తారా? ఫ్లాష్ ఆటలు రాసే భాష యాక్షన్‌స్క్రిప్ట్ మూడో తరంలో రాసిన కొన్ని ఆటలు అందులో ఇంకా సరిగా ఆడవు. ఆ ఒక్క లోపం పట్టుకుని కనిపించినవాళ్లకల్లా చెప్పండి.

రెండో చెడ్డ స్నేహితుడు ‘ఫ్లాష్‌పాయింట్’. లక్షకు పైగా పాత ఆటలు పోగేసి దాచిపెట్టారు. ఫ్లాషే కాదు, షాక్‌వేవ్, జావా, యూనిటీ వెబ్ ప్లేయర్ మీద నడిచినవీ ఉన్నాయి. ఇన్ఫినిటీ అనే చిన్న మూట దించుకుంటే, మీరు ఎంచుకున్న ఆటను మాత్రమే అప్పటికప్పుడు తెచ్చిపెడుతుంది. అది పిసినారుల పద్ధతి. మీరు టెరాబైటు దాటిన పూర్తి మూటనే దించండి, అదీ ఫోన్ హాట్‌స్పాట్ మీద. మీ ఆట ఏ జాతిదో కనుక్కోవడం కూడా అనవసరం. అన్నిటినీ ఫ్లాష్ అనేయండి. జావా ఆట కోసం ఫ్లాష్ వెతికేవాడికి వెతకడానికి ఎప్పుడూ ఏదో ఒకటి మిగిలే ఉంటుంది.

ఇక సేవ్ చేసుకున్న లెవెళ్ల సంగతి. విండోస్‌లో అవి యాప్‌డేటా లోపల, మాక్రోమీడియా పేరుతో ఉన్న ఫోల్డర్‌లో, డాట్ సోల్ అనే బుల్లి ఫైళ్లుగా ఉంటాయి. ఫ్లాష్ పాత యజమాని అయిన ఆ మాక్రోమీడియా కంపెనీని అడోబీ 2005లోనే కొనేసినా ఫోల్డర్ పేరు మాత్రం చివరిదాకా అలాగే ఉంది. పెన్‌డ్రైవ్‌లో ఓ మూలకు సరిపోతాయి. అందుకని ముందు పాత కంప్యూటర్‌ను ఫార్మాట్ కొట్టించి ఎక్స్చేంజ్‌లో ఇచ్చేసి, ఆ తర్వాత ఈ పేరా చదవండి.

ఫామ్‌విల్ ఆడినవాళ్లకు ప్రత్యేక సూచన. 2009 జూన్‌లో ఫేస్‌బుక్‌లో మొదలైన ఆ పొలం జింగా కంపెనీ సర్వర్లలో ఉండేది. 2020 డిసెంబర్ 31న కంపెనీ దాన్ని మూసేసింది. మీ కంప్యూటర్‌లో గింజ కూడా లేదు, ఏ రఫులూ తెచ్చివ్వలేదు. ఇది తెలిసినవాళ్లు ఊరుకుంటారు, మీరు ఊరుకోవద్దు. అప్పట్లో డాలస్ నుంచి రోజూ రిక్వెస్టులు పెట్టిన మేనకోడలికి ఫోన్ చేయండి. అక్కడ అర్ధరాత్రి అయితే ఇంకా మంచిది, మీటింగుల్లో ఉండదు. “ఏమ్మా, నీ పొలం పక్కనే కదా మాది, మా ఆవులేమైనా అటొచ్చాయా?” అని అడగండి. పెట్టేస్తే సిగ్నల్ పోయిందనుకుని మళ్లీ చేయండి.