గేటు బయటి నాలుగడుగులు

సికింద్రాబాద్‌లో ఇల్లు కట్టినవారికి రిజిస్ట్రేషన్ కాగితంలో ఎన్ని గజాలున్నా, గేటు బయట మరో నాలుగడుగులు ఉచితం. వాటికి స్టాంపు డ్యూటీ లేదు, ఆస్తిపన్ను లేదు. నాలుగు బస్తాల సిమెంటు, ఒక తాపీ మేస్త్రి, ఓ ఆదివారం ఉంటే చాలు. ఆదివారమే ఎందుకంటే ఆ రోజు మున్సిపల్ ఆఫీసుకు సెలవు.

వెస్ట్ మారేడ్‌పల్లిలో గానీ, పద్మారావునగర్‌లో గానీ ఏ గల్లీలోనైనా నడిచి చూడండి. నడక అనకూడదు, ఎక్కడం, దిగడం. ఒకరి ర్యాంపు గ్రానైటు, పక్కింటివారిది పార్కింగ్ టైల్స్, ఆ పక్కది గీతలు గీసిన సిమెంటు. ర్యాంపుకు అటూ ఇటూ పూలకుండీలు, వాటి మధ్య ఇనుప గొట్టానికి బిగించిన రేకు బోర్డు: ‘గేటు ముందు బండి పెట్టరాదు, టైర్లలో గాలి తీయబడును’. ఊరి రోడ్డు మీద పాతిన గొట్టానికి ఎంత ధీమా! కంటోన్మెంట్ హద్దు దాటితే ఆఫీసు బోర్డు మారుతుంది గానీ ర్యాంపు మారదు.

‘కారు కింద తగులుతోంది సార్’ అన్నది పైకి చెప్పే కారణం. వాలు ఎక్కడో ఒకచోట ఉండాల్సిందే, కాదనను. కానీ లోపల పెడితే స్టిల్ట్‌లో అరకారు చోటు పోతుంది. లోపలి గజం ఖరీదు ఇంటాయనకు తెలుసు, బయటి గజం ఊరిది. పైగా వాస్తు ఒకటుంది: ఇల్లు రోడ్డుకన్నా ఎత్తులో ఉండాలి. ఎత్తు యజమానిది, దిగే బాధ్యత రోడ్డుది.

రోడ్డువాళ్లూ తక్కువ తినలేదు. పాత తారు గీకకుండానే పైన కొత్త పొర పరుస్తారు. పొరకు అంగుళమో, అంగుళమున్నరో. నాలుగు పొరలు పడేసరికి రోడ్డు గడపను పలకరిస్తుంది. ఇంటాయన కంగారుపడి ర్యాంపు ఇంకో జానెడు లేపి, ఇంకో అడుగు ముందుకు దింపుతాడు. ఇద్దరూ ఇలా పంతం మీద పైకి పోతుంటే వాన నీరు ఎటు పోవాలి?

తారు రోడ్డుకు అసలు శత్రువు నీరే. అందుకే మధ్యలో కాస్త ఉబ్బెత్తుగా, అంచులకు మీటరుకు సుమారు రెండు సెంటీమీటర్ల చొప్పున వాలుతూ వేస్తారు. అంచుకు చేరిన నీరు ఆ అంచునే పట్టుకుని మోరీ దాకా పారాలి. సరిగ్గా అక్కడే మన గ్రానైటు ముక్కు అడ్డం. నిలిచిన నీరు తారుకూ కంకరకూ మధ్య దూరి పట్టు వదిలిస్తుంది. నాలుగు వానలు కురిసేసరికి అంచు పెళ్లలుగా లేచి, బండి చక్రం పడి గుంతవుతుంది. ఆ గుంత ఫొటో తీసి, ‘పన్నులు కట్టేది ఇందుకేనా’ అని కార్పొరేటర్‌కు వాట్సాప్ చేసేవారిలో ర్యాంపు యజమానిది ముందువరస.

2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజే 24 సెంటీమీటర్ల వాన పడింది. 2020 అక్టోబరులో మళ్లీ కాలనీలు మునిగాయి. రెండుసార్లూ నాలా కబ్జాదారులను నోరారా తిట్టాం. 2024లో కబ్జాలు కూల్చడానికి హైడ్రా బుల్డోజర్లు కదిలితే టీవీ ముందు కూర్చుని చప్పట్లు కొట్టాం. నాలా మీద కడితే కబ్జా, మోరీ మీద కడితే సౌకర్యం! 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ చట్టానికి ఈ తేడా తెలియదు పాపం. వీధికి అడ్డంగా ఏదీ కట్టరాదనేసింది, అంతే.

ఉపాయం లేక కాదు. గేటును నాలుగడుగులు వెనక్కి జరిపితే వాలు మన హద్దులోనే దిగుతుంది. మోరీ మీద ఇనుప జాలీ వేస్తే కారు పైనుంచి, నీరు కిందినుంచి పోతాయి. ఈ మాట ఎవరికైనా చెప్పి చూడండి. ‘అదేంటండీ, గేటు లోపలికి జరిపితే మా స్థలం రోడ్డులో కలిసిపోదూ?’ అని అడుగుతారు.