సెట్టరు సరంజామా

ప్రోగ్రామింగ్ పోటీలకు ప్రాబ్లంలు తయారుచేసేవాడు సెట్టరు. వీళ్ళలో రెండు జాతులున్నాయి. మొదటి జాతి ప్రాబ్లం రాస్తుంది. రెండోది ప్రాబ్లం రాయడానికి కావలసిన సరంజామా ఎక్కించుకుంటుంది.

కాలేజీ పోటీకి పది రోజుల ముందు మూసారాంబాగ్ టీవీ టవర్ సందుల్లో కనబడేది రెండో జాతి. ఫ్రెంచి సేనాని రేమండ్ జనం నోళ్ళలో నలిగి మూసారాం అయిన పేట ఇది. పరాయి సరుకు ఇమడకపోవడమన్నది ఇక్కడ లేదు. ఆవాసం మూడో అంతస్తులో గది. ల్యాప్‌టాప్‌కు గాలాడడానికి కింద రెండు పాత ఎంసెట్ గైడ్లు.

నిజానికి కావలసింది రష్యాలో సరాతోవ్‌కు చెందిన మైక్ మిర్జాయనోవ్ టెస్ట్‌లిబ్. జనరేటరు టెస్టులు పుట్టిస్తుంది, వాలిడేటరు ఇన్‌పుట్ హద్దులో ఉందో లేదో చూస్తుంది, చెకరు జవాబు దిద్దుతుంది. ఈ మూడూ రాసుకోవడానికి ఆ ఒక్క హెడర్ ఫైలును ఫోల్డర్లో వేసుకుంటే చాలు, ఇన్‌స్టాల్ చేసే పనే లేదు. అందుకే అది ఈ జాతి కంటికి ఆనదు.

ఆనేది ప్రోగ్రామింగ్ పోటీల సైటు కాటిస్ వారి ప్రాబ్లంటూల్స్. దానికి లినక్స్ కావాలి. విండోస్ ఇంట్లో దించాలంటే లినక్స్ సరుకును అక్కడే నడిపించే డబ్ల్యూఎస్ఎల్ గానీ డాకర్ గానీ పెట్టాలి. వెంట పైథాన్, లేటెక్ వస్తాయి. ఒక్క వియ్యంకుణ్ణి పిలిస్తే బస్సెడు బలగం దిగినట్టు గిగాబైట్లు దిగుతాయి.

రాత్రి రెండింటికి తొలి టెస్టు ఫైలు సిద్ధం. అందులో ఒకే అంకె: 5. వాలిడేటరు ఒప్పుకోదు. ఫైలు పుట్టింది విండోస్‌లో, వాలిడేటరు కూర్చుంది లినక్స్‌లో. వరుస ముగిసిందని చెప్పడానికి విండోస్ కంటికి కనబడని గుర్తులు రెండు పెడుతుంది, లినక్స్ ఒకటే పెడుతుంది. ఆ ఎక్కువైనదాన్ని పట్టుకునేసరికి పాలప్యాకెట్ల బండి వస్తుంది.

"ఇంకా పండుకోలేదారా?" అంటుంది తల్లి.

"ఎన్విరాన్‌మెంట్ సెట్ చేస్తున్ననమ్మా."

ఆమె కిటికీ తెరిచి వెళ్తుంది.

తొమ్మిదో రోజుకు అన్నీ అమరుతాయి. ఫోల్డరు పేరు 'ఫైనల్'. లోపల ప్రాబ్లం ఉండదు. ఆలూ లేదు, చూలూ లేదు, సోమలింగానికి ఉయ్యాల మాత్రం సిద్ధం.

ప్రాబ్లంను మొదటి జాతివాడు మెట్రోలో అమీర్‌పేట చేరేలోపు రాసి పంపుతాడు. హద్దు 1,00,000 అని ప్రశ్నలో ఉంటుంది, అతని టెస్టులో మాత్రం 1,00,001. ఆ ఒక్కటిని 'ఫైనల్'లో కూర్చున్న వాలిడేటరు పట్టేస్తుంది, పోటీ పరువు దక్కుతుంది. రెండో జాతి వల్ల లోకానికి కలిగే మేలు ఇదే.