కరాటే క్యాంపుకెళ్లే గోదావరివారికి ఉచిత సలహాలు

రాజమండ్రిలో కరాటే నేర్చుకునే పెద్దవాళ్లు రెండు రకాలు. డాక్టరు నడవమంటే ఆ నడక విసుగొచ్చి చేరినవాళ్లు కొందరు. పిల్లల్ని క్లాసులో దింపడానికొచ్చి, గంటసేపు గోడవార ఊరికే నిలబడలేక చేరినవాళ్లు ఇంకొందరు. ఈ ఇద్దరికీ ఏదో ఒక రోజు క్లబ్బు గ్రూపులో మాస్టారి మెసేజీ వస్తుంది: 'ఈ శని, ఆదివారాలు పేరుపాలెం బీచ్‌లో ట్రైనింగ్ క్యాంపు. అందరూ తప్పక రావాలి.' కంగారు పడకండి. ఈ కింది సూచనలు పాటిస్తే యోధులుగా తిరిగొస్తారని మాది పూచీ.

1. పేరు ఇవ్వడం

మెసేజీ చూడగానే 'రెడీ సార్' అని కొట్టి, పక్కన బిగించిన పిడికిలి బొమ్మ పెట్టండి. వెళ్లాలా మానాలా అన్నది శుక్రవారం రాత్రి ఆలోచించుకోవచ్చు. ఇంట్లో చెప్పేటప్పుడు మాత్రం 'బీచ్' అనే మాట నోట రానివ్వకండి. 'క్రమశిక్షణ శిబిరం' అనండి. బీచ్ అన్నారో, మీతోపాటు అత్తగారు, తోడల్లుడు, రెండు చాపలు, మూడు క్యారేజీలు బయల్దేరతాయి.

2. సామాను

తెల్ల డ్రస్సు ఉతికించి గంజి పెట్టించండి. పంచ్ విసిరినప్పుడు చొక్కా చెయ్యి ఫట్‌మనాలి. బలం గుద్దులో లేకపోయినా గంజిలో ఉంటే చాలు. బెల్టు మాత్రం ఉతకనివ్వకండి, ఉతికితే అనుభవం పోతుందని సీనియర్లు చెబుతారు. అసలీ బెల్టుల పద్ధతి కరాటేలో పుట్టింది కాదు. జూడోలో జిగోరో కానో పెట్టిన దాన్ని, ఒకినావా నుంచి 1922లో టోక్యోకి కరాటే పట్టుకొచ్చిన గిచిన్ ఫునకోషి అనే బడిపంతులు అరువు తెచ్చుకున్నాడు. తన శిష్యులకి మొదటిసారి నల్ల బెల్టులిచ్చింది 1924లో. ఈ చరిత్ర మీ మాస్టారి ముందు చెప్పకండి, మీ బెల్టు పరీక్ష ఇంకా అవ్వలేదు.

3. ప్రయాణం

క్యాంపులో తేలికపాటి ఆహారమే పెడతామని మాస్టారు ముందే చెప్పేశారు. కాబట్టి బరువైనదంతా దారిలోనే కానిచ్చెయ్యాలి. జొన్నాడ దగ్గర గౌతమి దాటగానే రావులపాలెం. అక్కడ అరటిపళ్లు, ఆత్రేయపురం పూతరేకులు. సిద్ధాంతం దగ్గర వసిష్ఠ దాటి పాలకొల్లు చేరితే దిబ్బరొట్టె. నరసాపురం దాటి మొగల్తూరు వచ్చేసరికి వ్యానులో అందరి ఛాతీలూ వాటంతటవే పొంగుతాయి. కృష్ణంరాజు, చిరంజీవిల ఊరు మరి. ఇక్కడ ఒక్కొక్కరూ ఒక డైలాగు చెప్పాలి. సిలబస్‌లో లేకపోయినా ఇది ఆనవాయితీ.

4. తెల్లవారుజాము

ఐదింటికి విజిల్ మోగుతుంది. ముందు కిబా దాచి, అంటే గుర్రం లేకుండా గుర్రమెక్కి కూర్చోవడం. మాస్టారు అందరినీ సరిగ్గా అల తాకే చోట నిలబెడతారు. మొదటి అల వచ్చి చీలమండలు తడిపి వెళ్తుంది, హాయిగానే ఉంటుంది. వెళ్తూ వెళ్తూ మడమల కింద ఇసుక లాక్కుపోతుంది. రెండో అలకి మడమలు గుంటలో దిగుతాయి, బొటనవేళ్లు పైకి లేస్తాయి. మూడో అలకి తొడలు వాటంతటవే వణకడం మొదలెడతాయి. లేద్దామంటే వెనక మాస్టారు, బెత్తం. 'ఇచి! ని! సాన్!' అని లెక్క మొదలవుతుంది. పదో అంకె 'జు' వినపడితే అయిపోయిందని సంబరపడకండి. మళ్లీ 'ఇచి' అంటారు.

తర్వాత హెయాన్ షోడాన్ అనే కటా, అంటే ఎదురుగా ఎవరూ లేకుండా చేసే పోరు. మొత్తం 21 కదలికలు. మొదలెట్టిన చోటే ముగించాలని శాస్త్రం. ఇసుకలో శాస్త్రం పనిచెయ్యదు. ఆఖర్న ఒకరు సముద్రం వైపు, ఒకరు సరుగుడు తోట వైపు, మిగిలినవాళ్లంతా టిఫిన్ల వైపు తిరిగి ఉంటారు. మీరెటు తిరిగినా మొహం మాత్రం గంభీరంగా పెట్టండి, తప్పు పక్కవాడిదనుకుంటారు.

5. కుమిటే, అంటే జోడీ పోరు

కరాటేలో మొదటి దెబ్బ మనం కొట్టకూడదన్నది ఫునకోషి గట్టిగా చెప్పిన నియమం. దీన్ని ప్రపంచంలో తు.చ. తప్పకుండా పాటించేది గోదావరి జిల్లాల్లోనే. ఇద్దరూ వంగి నమస్కరిస్తారు. మాస్టారు 'హజిమే' (మొదలెట్టండి) అంటారు. ఎవరూ కదలరు.

"కానివ్వండి."

"అబ్బే, ముందు తమరండి."

"పెద్దవారు మీరుండగా నేను చెయ్యెత్తడమేంటండీ!"

"ఆయ్, మాస్టారు చూస్తున్నారు, ఏదోటి కొట్టండి బాబూ!"

ఎట్టకేలకు ఒక గుద్దు పడుతుంది. వెంటనే కొట్టినవారు "తగల్లేదు కదండీ?" అనాలి. తిన్నవారు "లేదండి, మీ చేతికేం కాలేదు కదా?" అనాలి. అప్పుడే ఆ పాయింటు చెల్లుతుంది.

6. సాయంత్రం, ఊరి పెద్దాయన

మీ కేకలకి ఊళ్లోంచి నలుగురూ చూడ్డానికొస్తారు. వాళ్లలో లుంగీ కట్టుకున్న పెద్దాయన ఒకరు "ఆ కర్ర ఓసారి ఇలా ఇవ్వండి" అంటారు. ఇవ్వకండి. ఇస్తే ఆయన కర్రసాము మొదలెడతారు, కర్ర మాయమై గాలి చప్పుడు ఒక్కటే మిగులుతుంది. అప్పుడు మీ గంజి డ్రస్సు వంక ఎవరూ చూడరు. ఈ డెల్టాలోనే అమలాపురంలో కొంకాపల్లి, మహిపాల వీధి లాంటి వీధులవాళ్లు బ్రిటిష్ కాలం నుంచీ దసరాకి చెడీ తాలింఖానా ఊరేగింపు తీస్తారు. కర్రలు తిప్పుతారు, కత్తులు తిప్పుతారు, అగ్గిబరాటాలు తిప్పుతారు. కళ్లకు గంతలు కట్టుకుని మనిషి ఒంటి మీద పెట్టిన కొబ్బరికాయని కత్తితో నరుకుతారు. వాళ్ల తాతలూ చేశారు, మనవలూ చేస్తున్నారు. అయితే ఏం లాభం? జపాను అంకెల్లేవు, రంగు బెల్టుల్లేవు, లామినేషన్ చేసిన సర్టిఫికెట్టు లేదు. అలాంటిదాన్ని పట్టుకుని విద్య అని ఎలా అంటామండీ?

7. ఫొటో, సర్టిఫికెట్టు

ఆదివారం మధ్యాహ్నం దాకా మీరేం చేశారన్నది ముఖ్యం కాదు. గ్రూపు ఫొటోలో పిడికిలి ఏ ఎత్తులో ఉందన్నది ముఖ్యం. పొట్ట లోపలికి లాగి, 'ఊస్' అని అరుస్తూ నిలబడండి. సూర్యుడు వెనకుంటే బెల్టు రంగు తెలియదు, అది ఇంకా మంచిది. ఇంత నేర్చుకుని ఒలింపిక్స్‌కి వెళ్లలేదేమని ఎవరైనా ఎద్దేవా చేస్తే సమాధానం సిద్ధంగా ఉంచుకోండి: 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కరాటే పెట్టారు, 2024 పారిస్‌లో తీసేశారు. లేకపోతేనా!

8. సోమవారం

ఆఫీసులో మెట్లు దిగేటప్పుడు ఒక్కో మెట్టూ పక్కకి తిరిగి, గోడ పట్టుకుని దిగండి. ఏమైందంటే 'క్యాంపు' అని ఒక్క ముక్క అని ఊరుకోండి. మిగతాది వాళ్లే ఊహించుకుంటారు. మీరు చెప్పగలిగిన దానికంటే వాళ్ల ఊహే బాగుంటుంది.

ఇక చివరి సూచన, ఇందులో వెటకారం లేదు. ఆ సాయంత్రం ఆరింటికి మామూలు క్లాసుంది. అక్కడ సముద్రం ఉండదు, దిబ్బరొట్టె ఉండదు, ఫొటో తీసేవాళ్లుండరు. అవే 21 కదలికలు, అదే సిమెంటు గచ్చు. క్యాంపుకి వ్యాను నిండా జనం వస్తారు. సోమవారం క్లాసుకి వచ్చినవారిని ఒక్క మోటారు సైకిలు మీద ఎక్కించొచ్చు. కరాటే వచ్చేది ఆ మోటారు సైకిలు వాళ్లకే.