బామ్మ ఏ ఊరో చెప్పు, నువ్వే దేశమో చెబుతాం

2000 నవంబరులో ఇంగ్లండ్ తూర్పు తీరాన హల్ పట్టణంలో, బూలెవార్డ్ అనే పాతకాలపు మైదానంలో ఒక ప్రపంచ కప్ మ్యాచ్ జరిగింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు మూడు వేల చిల్లర. ఆట రగ్బీ లీగ్. ఒకవైపు ఆస్ట్రేలియా, ఇంకోవైపు రష్యా. ఆఖరి స్కోరు 110–4. రయాన్ గర్డ్లర్ అనే మహానుభావుడు 3 ట్రైలు, 17 గోల్స్ కొట్టి ఒక్కడే 46 పాయింట్లు పిండుకున్నాడు. వెండెల్ సేలర్ 4 ట్రైలు వేసుకున్నాడు. మొత్తం ట్రైలు 19, ఆట 80 నిమిషాలు. ట్రై అయిన ప్రతిసారీ బంతిని గురి చూసి నిలబెట్టి, గోలు కొట్టి, మళ్ళీ మధ్య గీత దాకా తీరుబడిగా నడిచొచ్చే టైము తీసేస్తే, మిగిలిన కాస్తలో రష్యావాళ్ళు బంతిని ఎప్పుడు ముట్టుకున్నారో, ఆ 4 పాయింట్లు ఎప్పుడు సంపాదించారో చిత్రగుప్తుణ్ణి అడిగినా చెప్పలేడు.

దీన్ని రికార్డు అంటారు. ప్రపంచ కప్ చరిత్రలో ఇంతకంటే పెద్ద గెలుపు లేదు. మూడేళ్ళ తర్వాత మధ్యధరా కప్ అని ఇంకో వేడుక జరిగింది. అందులో ఫ్రాన్స్ 120–0తో సెర్బియా-మాంటెనెగ్రోను చితక్కొట్టింది. లెబనాన్ 104–0తో మొరాకోను మట్టి కరిపించింది. ఆ మ్యాచ్‌లో హాజెమ్ ఎల్ మస్రీ ఒక్కడే 48 పాయింట్లు. అంటే గర్డ్లర్ కంటే రెండు ఎక్కువ. రికార్డులు బద్దలు కొట్టడానికే ఉన్నాయంటారు గానీ, ఈ ఆటలో ముందు బద్దలయ్యేది ఎదుటి జట్టు.

మనవైపు ఈ ఆట తెలిసినవాళ్ళు తక్కువ కాబట్టి ఒక మాట. జట్టుకు పదమూడు మంది. బంతి పట్టుకుని ఉరికేవాణ్ణి చెడుగుడులో కూతగాణ్ణి పట్టినట్టు ఇద్దరు ముగ్గురు కలిసి పడగొడతారు. పడ్డవాడు లేచి, బంతిని నేలమీద పెట్టి, కాలితో వెనక్కి దొర్లిస్తాడు. మళ్ళీ ఉరుకు, మళ్ళీ పట్టు. ఆరుసార్లు పట్టుబడితే బంతి ఎదుటివాళ్ళది. ఈలోగా ఎదుటివాళ్ళ గోలు గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే అది ట్రై, 4 పాయింట్లు. టీవీలో మనం ఎప్పుడైనా చూసే, న్యూజిలాండ్ ఆల్ బ్లాక్స్ ఆడే పదిహేను మంది ఆట రగ్బీ యూనియన్. అది వేరు. ఇద్దరూ ఒకప్పుడు ఒకే ఇంటివాళ్ళు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో ఆ ఇంటికి గోడ పడింది. శనివారం పని మానుకుని ఆటకొచ్చే గని కూలీకి, మిల్లు కార్మికుడికి పోయిన కూలి డబ్బులైనా ఇద్దామన్నారు ఉత్తర ఇంగ్లండ్ క్లబ్బులవాళ్ళు. ఆటకు డబ్బా, రామ రామ అని చెవులు మూసుకున్నారు లండన్ పెద్దమనుషులు. అలా విడిపోయాక, డబ్బు తీసుకుని లీగ్ ఆడినవాడు మళ్ళీ యూనియన్ మైదానం తొక్కకుండా జీవితకాలపు వెలి వేశారు. ఆ వెలి సరిగ్గా వందేళ్ళు నడిచింది. 1995లో యూనియన్ పెద్దలకు కూడా డబ్బు ముద్దొచ్చింది, ఆచారం అటకెక్కింది.

అంత న్యాయమైన కారణంతో పుట్టిన ఆట అంతర్జాతీయమయ్యేసరికి ఎంత చిత్రంగా తయారైందో చూడండి. 1907లో వెల్లింగ్టన్‌లో ఆల్బర్ట్ బాస్కర్‌విల్ అనే పోస్టాఫీసు గుమస్తా న్యూజిలాండ్ జట్టొకటి కట్టి ఇంగ్లండ్ బయల్దేరాడు. డబ్బుకు ఆడతారని పత్రికలవాళ్ళు వాళ్ళను ‘ఆల్ గోల్డ్స్’ అని వెక్కిరించారు. దారిలో సిడ్నీలో డాలీ మెసెంజర్ అనే కుర్రాడి ఆట చూసి వాళ్ళకు నోరూరింది. అతన్ని కొత్త ఆటలోకి లాగడానికి అంతకుముందే రాయబారం నడిచింది. గిల్టినన్ అనే పెద్దమనిషి, ఆయనతోపాటు మన క్రికెట్ అభిమానులకు తెలిసిన విక్టర్ ట్రంపర్ వెళ్ళి కుర్రాడి తల్లిని ఒప్పించారు. సిడ్నీలో పుట్టి పెరిగిన మెసెంజర్ న్యూజిలాండ్ తరఫున బ్రిటన్ అంతా తిరిగి పాయింట్లు కురిపించాడు. మరుసటి ఏడు, అంటే 1908లో, అదే న్యూజిలాండ్ మీద ఆస్ట్రేలియా తరఫున దిగాడు. ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. పాపం బాస్కర్‌విల్ మాత్రం ఆ తిరుగు ప్రయాణంలో బ్రిస్బేన్‌లో న్యుమోనియాతో పోయాడు. పాతికేళ్ళవాడు.

అప్పుడు తల్లి ఒప్పుకుంటే సరిపోయింది. వందేళ్ళు గడిచేసరికి వ్యవహారం బామ్మ దాకా వెళ్ళింది. ఈ ఆటలో నువ్వే దేశస్థుడివో తేల్చేది నీ పుట్టుక, నీ నివాసం, లేదంటే నీ తల్లిదండ్రుల పుట్టుక, అదీ కుదరకపోతే తాతా బామ్మల పుట్టుక. 2006లో నేథన్ ఫీన్ అనే క్వీన్స్‌లాండ్ ఆటగాడు బామ్మ న్యూజిలాండ్‌లో పుట్టిందని చెప్పి న్యూజిలాండ్ జెర్సీ వేసుకున్నాడు. క్రైస్ట్‌చర్చ్‌లో గ్రేట్ బ్రిటన్ మీద గెలిచారు. తీరా కాగితాలు తిరగేస్తే అక్కడ పుట్టింది బామ్మ కాదు, బామ్మను కన్నతల్లి. తాతమ్మ! ఒక తరం ఎక్కువైంది. గెలిచిన రెండు పాయింట్లూ కోసేశారు. ఒక ముసలావిడ పుట్టిన ఊరు తారుమారై త్రిదేశాల టోర్నీ పట్టిక దిద్దాల్సి వచ్చిన విడ్డూరం ఇంకే ఆటలోనూ వినం. ఇంతకీ ఫీన్‌కు ఏమీ కాలేదు. తర్వాత నివాసం లెక్కన అర్హత సంపాదించుకుని, 2008 ప్రపంచ కప్ ఫైనల్లో ఆస్ట్రేలియాను 34–20తో ఓడించిన న్యూజిలాండ్ జట్టులో దర్జాగా ఆడాడు.

ఈ పద్ధతిలో ప్రపంచ కప్పులకు దేశాల కొరత ఎన్నడూ రాలేదు. 2000లో పదహారు జట్లు కావలసి వచ్చాయి. లెబనాన్ జట్టు దొరికింది. అందులో దాదాపు అందరూ సిడ్నీ కుర్రాళ్ళే. ఇంకా తక్కువైతే న్యూజిలాండ్ పక్కనే అవోటియరోవా మావోరి అని రెండో జట్టును దింపారు. 48 పాయింట్ల ఎల్ మస్రీ సంగతి మరీ సొగసు. పుట్టింది లెబనాన్‌లోని ట్రిపోలీలో, పెరిగింది సిడ్నీలో. 2000లో లెబనాన్, 2002లో ఆస్ట్రేలియా, 2003లో మళ్ళీ లెబనాన్. మనిషి మంచివాడు, గురి తప్పనివాడు, తప్పు పట్టడానికేం లేదు. మొరాకోవాళ్ళకే కాస్త ముందుగా చెప్పి ఉండాల్సింది.

బామ్మల్ని వెక్కిరించడం తేలికే. వాళ్ళు లేకపోతే ఈ ఆట రెండు ఇంగ్లండ్ కౌంటీలు, రెండు ఆస్ట్రేలియా రాష్ట్రాలు, ఒక న్యూజిలాండ్ కలిసి ఆడుకునే ఇంటి వ్యవహారం. పసిఫిక్ దీవులనుంచి కూలి కోసం ఆక్లండ్‌కూ సిడ్నీకీ వలస వచ్చినవాళ్ళ పిల్లల భుజాల మీదే ఈ వినోదమంతా నిలబడింది. ఆ పిల్లల్లో పనికొచ్చేవాణ్ణి ముందు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఏరుకుంటాయి. ఏరగా మిగిలిన జట్టును తెచ్చి ఎదుట నిలబెట్టి అరవై కొట్టి, ‘దీవుల్లో ఆట ఇంకా ఎదగాలి’ అని నిట్టూరుస్తాయి. ఆస్ట్రేలియాకు పన్నెండు ప్రపంచ కప్పులు ఎలా వచ్చాయని అడిగేవాళ్ళు ఈ ఏరుడు కూడా లెక్కేసుకోవాలి.

2017లో జేసన్ టౌమలోలో అనే ఆటగాడు ఆ లెక్క చెడగొట్టాడు. న్యూజిలాండ్ తనను ఎంచుకోబోతోందని తెలిసే, తోటివాళ్ళతో కలిసి అమ్మానాన్నల టోంగా జెర్సీ వేసుకున్నాడు. అంతే, ద్రోహమన్నారు, విశ్వాసం లేదన్నారు. శతాబ్దంపాటు దీవుల పిల్లల్ని బుట్టలో వేసుకున్నప్పుడు ఈ విశ్వాసం ఏ గూట్లో ఉందో! హామిల్టన్‌లో సగం ఆటకు 16–2తో వెనకబడిన టోంగా చివరకు 28–22తో న్యూజిలాండ్‌ను కొట్టింది. వారం తిరిగేసరికి ఫిజీ 4–2తో ఆ న్యూజిలాండ్‌ను ఇంటికి పంపింది. ఒక్క ట్రై లేదు, అటు రెండు పెనాల్టీ గోల్స్, ఇటు ఒకటి. నన్నడిగితే రికార్డుల పుస్తకంలో 110–4కు ఇచ్చిన పేజీ చింపి ఈ 4–2కు ఇవ్వాలి.

2019 నవంబరు 2న ఆక్లండ్‌లో అసలు దెబ్బ తగిలింది. లక్ష జనాభా ఉన్న టోంగా 16–12తో ఆస్ట్రేలియాను ఓడించింది. ప్రపంచ విజేతలు ఆ అవమానానికి ఎలా బదులు తీర్చుకున్నారంటే, దాదాపు మూడేళ్ళపాటు అసలు టెస్టు మ్యాచే ఆడలేదు. కోవిడ్ వచ్చిందనుకోండి, కాదనను. 2021లో ఇంగ్లండ్‌లో ప్రపంచ కప్ జరగాల్సి ఉండగా ఆటగాళ్ళ క్షేమమే ముఖ్యమని ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ జులైలో తప్పుకున్నాయి. టోర్నీ ఏడాది వాయిదా పడింది. వాళ్ళు తప్పుకున్న మర్నాడే టోక్యోలో ఒలింపిక్స్ ఆరంభం. రెండు దేశాల క్రీడాకారులూ జెండాలూపుతూ నడిచారు. అదే శరదృతువులో అవే దేశాల రగ్బీ యూనియన్ జట్లు బ్రిటన్ వచ్చి, కిక్కిరిసిన స్టేడియాల్లో ఆడి వెళ్ళాయి. వైరస్‌కు పదిహేను మంది ఆటంటే భయం, పదమూడు మంది ఆటంటే ఇష్టం కాబోలు. ఆడలేక మద్దెల ఓడన్నది మన సామెత. వీళ్ళు మద్దెలను ఇంట్లో పెట్టి తాళం వేసుకున్నారు.

పోనీ పెట్టిన కప్పునైనా సక్రమంగా నడిపారా? 1975లో ఫైనల్ లేకుండా రెండు ఖండాల్లో నెలల తరబడి ఆడారు. ఇంగ్లండ్‌ను ఒక్కసారీ ఓడించని ఆస్ట్రేలియా విజేత అయింది. ఎవరికో సిగ్గేసి నవంబరులో ఇద్దరికీ విడిగా ఒక పోటీ పెట్టారు. ఆస్ట్రేలియా 25–0. ఇంకోసారి 1985లో మొదలెట్టిన కప్పు 1988లో ముగిసింది. ఆ ఫైనల్లో ఆస్ట్రేలియా ఆటగాడు వాలీ లూయిస్ ముంజేయి విరిగినా ఆట కొనసాగించాడు. ఆటగాళ్ళకున్న ఓపికలో పదో వంతు నిర్వాహకులకు ఉంటే ఈ వ్యాసం అవసరమయ్యేది కాదు.

1972 ప్రపంచ కప్ ఫైనల్ లియాన్‌లో జరిగితే చూసినవాళ్ళు నాలుగు వేల పైమాటే. బ్రిటన్ కెప్టెన్ క్లైవ్ సల్లివన్, కార్డిఫ్ నల్లజాతి కుర్రాడు. వేల్స్ యూనియన్ పెద్దల కళ్ళకు ఆనక ఉత్తరానికి వెళ్ళి హల్‌లో స్థిరపడ్డవాడు. బ్రిటన్‌లో ఏ ఆటలోనైనా జాతీయ జట్టుకు కెప్టెనైన మొదటి నల్లజాతీయుడు ఇతనే. ఆ రోజు తమ సగంలోనే బంతి అందుకుని గోలు గీత దాకా ఒక్కడే ఉరికి ట్రై వేశాడు. స్కోరు 10–10, అదనపు సమయంలోనూ ఎవరూ కదల్లేదు, లీగ్ దశ పాయింట్ల లెక్కన కప్పు బ్రిటన్‌ది. అప్పటినుంచి ఇప్పటిదాకా మళ్ళీ రాలేదు. హల్ ఊళ్ళోకి వెళ్ళే పెద్ద రోడ్డుకు ఇప్పుడు సల్లివన్ పేరుంది. సాక్షాత్తూ ప్రపంచ కప్ ఎత్తిన మనిషి లండన్ వీధిలో నడిస్తే మాత్రం ఎవరూ వెనక్కి తిరిగి చూసేవారు కాదు.

ఈ కప్పు ఆలోచనే ఫ్రాన్స్‌ది. 1954లో పాల్ బారియేర్ పూనుకుని పెట్టించాడు. యూనియన్‌వాళ్ళకు ఆ బుద్ధి పుట్టడానికి ఇంకా 33 ఏళ్ళు పట్టింది. అంతకు ముందే ఫ్రాన్స్‌లో ఈ ఆటను ప్రభుత్వమే చంపబోయింది. 1941 డిసెంబరు 19న పెతాన్ సంతకంతో విషీ సర్కారు ఫ్రెంచ్ రగ్బీ లీగ్ సమాఖ్యను రద్దు చేసి ఆస్తులన్నీ జప్తు చేసింది. దేశం నాజీల కాళ్ళ కింద ఉంటే, ఆ ప్రభుత్వానికి తీరిక చిక్కిన పని పదమూడు మంది ఆటను నిషేధించడం! యుద్ధం అయింది, పెతాన్ జైలుకెళ్ళాడు. జప్తు చేసింది మాత్రం తిరిగి రాలేదు. పైగా ‘రగ్బీ’ అనే పేరు కూడా వాడుకోవద్దన్నారు. ‘పదమూడు మంది ఆట’ అని చెప్పుకుని దశాబ్దాలు గడిపారు. ఆ గడ్డుకాలంలోనే 1951లో ఫ్రాన్స్ జట్టు ఆస్ట్రేలియా వెళ్ళి టెస్టు సిరీస్ 2–1తో గెలిచొచ్చింది. దాని హీరో పుయిగ్ ఓబేర్, సిగరెట్ లేనిదే ఊపిరాడని పొట్టి మనిషి. ఇప్పటి ఫిట్‌నెస్ కోచ్‌లు ఆయన ఫొటో చూస్తే కళ్ళు తిరిగి పడతారు.

అదే ఫ్రాన్స్ 2025 కప్పుకు ఆతిథ్యమిస్తానని ఒప్పుకుని, డబ్బుకు ప్రభుత్వ హామీ దొరక్క 2023లో చేతులెత్తేసింది. కప్పు ఏడాది వెనక్కి జరిగి 2026లో ఆస్ట్రేలియాకు చేరింది. పదహారు జట్లు పదయ్యాయి. 2022లో జరిగిన కప్పులో ఇంగ్లండ్ చేతిలో 60–6తో ఓడి, అదే ఇంగ్లండ్‌ను సెమీస్‌లో 27–26తో కొట్టి ఫైనల్ దాకా వెళ్ళిన సమోవాను చూశాక కూడా, ఆట విస్తరించాలంటే జట్లు తగ్గించాలని తోచిన బుర్రలకు దండం పెట్టాలి. ఇంగ్లండ్‌వాళ్ళు ఈలోగా 22 ఏళ్ళ తర్వాత రగ్బీ లీగ్ యాషెస్‌ను బతికించారు. 2025లో మూడు టెస్టులు, మూడూ ఆస్ట్రేలియావే.

ఇంత చేసినా విస్తరణకు ఒక్కచోట మాత్రం డబ్బు ధారాళంగా దొరికింది. పాపువా న్యూ గినీలో రగ్బీ లీగ్ అంటే జనం ప్రాణం పెడతారు, జాతీయ క్రీడే అది. అక్కడి జట్టును ఆస్ట్రేలియా లీగ్‌లోకి 2028 నుంచి తీసుకోవడానికి ఆస్ట్రేలియా ప్రభుత్వం పదేళ్ళకు 60 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు తీసింది. ఇన్నాళ్ళూ లేని ఈ ప్రేమ ఎక్కడిదని అడక్కండి. పాపువా న్యూ గినీ గనక చైనాతో భద్రతా ఒప్పందానికి దిగితే ఆ జట్టును వెనక్కి లాక్కోవచ్చన్నది ఒప్పందం వెనకున్న మెలిక అని ఆస్ట్రేలియా పత్రికలే రాశాయి. కాబట్టి 2028 నుంచి పోర్ట్ మోర్స్‌బీలో ఒక కుర్రాడు ట్రై వేస్తే స్కోరుబోర్డు మీద 4 పాయింట్లు పడతాయి, కాన్‌బెర్రాలో విదేశాంగ శాఖ ఫైల్లో ఒక టిక్కు పడుతుంది.