కోటు, కత్తెర, కాసింత సేవ

దేశానికి రాష్ట్రపతి అయిదేళ్లకోసారి మారతారు. మా తెనాలిలో అధ్యక్షులు ఏటా జులై 1న మారతారు. రోటరీ క్లబ్బుకీ లయన్స్ క్లబ్బుకీ కూడా కొత్త సంవత్సరం ఆ రోజే. జూన్ ఆఖరి వారం వచ్చేసరికి ఊళ్లో దర్జీలకు చేతినిండా కోట్ల పని. మృగశిర వెళ్లినా మా దగ్గర ఉక్కపోత తగ్గదు. అయినా కోటు వేసుకోవాల్సిందే. నిన్నటిదాకా యార్డులో నిమ్మకాయల బస్తాలు లెక్కపెట్టుకున్న మనిషి ఇవాళ కల్యాణమండపం వేదిక మీద నల్లకోటుతో, మెడలో పతకాల గొలుసుతో, చెమటలు కక్కుతూ ప్రమాణం చేస్తాడు. పక్కన ఇంకో కోటు నిలబడి ఆ గొలుసు వంక దిగులుగా చూస్తూ ఉంటుంది. ఆయన అప్పుడే మాజీ అయ్యారన్నమాట. మాజీ పదవికి మాత్రం కాలపరిమితి లేదు. పెళ్లి శుభలేఖలో, ఇంటి గేటు మీద, చివరికి సంతాప సభ ఫ్లెక్సీలో కూడా అది ఉంటుంది.

మా క్లబ్బు ఏదో చెప్పను. లయన్స్‌లో టెయిల్ ట్విస్టర్ అని ఒక పదవి ఉంది. సభ్యుల మీద సరదా జరిమానాలు వేయడం ఆయన పని. రోటరీలో ఆ ముచ్చట సార్జెంట్ ఎట్ ఆర్మ్స్ తీరుస్తారు. పేరు చెబితే ఎటు తిరిగీ నాకు ఫైను తప్పదు.

చరిత్ర చూస్తే ఇదంతా చాలా నిరాడంబరంగా మొదలైంది. 1905 ఫిబ్రవరి 23న షికాగోలో పాల్ హారిస్ అనే వకీలు ముగ్గురు స్నేహితులతో కూర్చున్నాడు. ఒకాయన గనుల ఇంజనీరు, ఒకాయన బొగ్గుల వ్యాపారి, ఇంకొకాయన దర్జీ. వంతులవారీగా ఒకరి ఆఫీసు తర్వాత ఒకరి ఆఫీసులో కలుసుకునేవాళ్లు కాబట్టి రోటరీ అని పేరు పెట్టుకున్నారు. వేదిక లేదు, ముఖ్య అతిథి లేడు, వందన సమర్పణ లేదు. అది క్లబ్బు ఎట్లా అయిందో మావాళ్లకు ఇప్పటికీ అంతుపట్టదు. వాళ్లలో దర్జీ ఉండటం ఒక్కటే కాస్త నమ్మకంగా కనిపిస్తుంది. 1917లో లయన్స్‌ను కూడగట్టిన మెల్విన్ జోన్స్‌దీ షికాగోయే. ఆయన ఇన్సూరెన్సు వ్యాపారి. ఇన్సూరెన్సు ఏజెంటు లేని క్లబ్బును నేను ఈనాటి వరకూ చూడలేదు.

మన దగ్గర వాలంటీర్లు లేకనా? ఇక్కడికి దగ్గర్లోనే, చీరాలలో, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి రామదండు ఉండేది. పురపాలక పన్నుల మీద అలిగి జనం ఊరు వదిలేసి, పక్కన రామనగర్ అని పాకలు వేసుకుని నెలల తరబడి ఉంటే, కాషాయం కట్టి రుద్రాక్షలు వేసుకున్న ఆ దండే ముందుండి అన్నీ చూసుకుంది. అంత పని చేసి, వాళ్లలో ఒక్కరైనా శాలువా కప్పించుకున్నట్టు నేనెక్కడా చదవలేదు. ఇక బాపట్ల సంగతి. మొదటి ఆంధ్ర మహాసభ 1913లో అక్కడే జరిగింది. సభలు పెట్టడంలో అంత పాత అనుభవం కాబట్టే కాబోలు, బాపట్లవాళ్ల వందన సమర్పణ ఇప్పటికీ ఓ పట్టాన తెమలదు.

తెనాలి, బాపట్ల, రేపల్లె, ఈ మూడూళ్ల క్లబ్బులూ కలిసి ఏదైనా చేద్దామంటే మొదటి చిక్కు ప్రయాణం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టాక తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. బాపట్ల జిల్లా కేంద్రమైంది, రేపల్లె దానిలోకి వెళ్లింది. రేపల్లె రైలుకట్టకు చివరి స్టేషను. అక్కడివాళ్లు రైల్లో తమ జిల్లా కేంద్రానికి పోవాలంటే ముందు పక్క జిల్లాలో ఉన్న తెనాలికొచ్చి బండి మారాలి. అందుకని అయిదింటి మీటింగుకు వాళ్లు ఏడింటికి వచ్చినా ఎవరూ ఏమీ అనరు. రోడ్డు మీద కారులో వచ్చినవాళ్లు కూడా రైలు మీదికే నెడతారు.

రెండో చిక్కు కుర్చీలు. మూడు క్లబ్బుల అధ్యక్షులు, కార్యదర్శులు, కోశాధికారులు, క్లబ్బుల గవర్నరుగారు, మాజీ గవర్నరుగారు, కాబోయే గవర్నరుగారు, ఆయన్ని పరిచయం చేసేవారు. వేదిక నిండిపోయి కింద మిగిలేది మైకు సెట్టు కుర్రాడూ, క్యాటరింగువాళ్లూ. ఒకసారి సభ నిర్వహించే పెద్దాయనకు గొంతు పట్టేస్తే, ఆ మైకు కుర్రాడే లేచి వేదికను అలంకరించినవాళ్ల పేర్లన్నీ బిరుదులతో సహా కాగితం చూడకుండా చదివేశాడు. ఒక్క తప్పు లేదు. పెద్దాయన గొంతు ఆ క్షణమే బాగైపోయింది.

రోటరీవాళ్లు షికాగోలో మొట్టమొదట తలకెత్తుకున్న సేవా కార్యక్రమం ఏమిటో తెలుసా? పబ్లిక్ మరుగుదొడ్డి. 1907 నాటి మాట. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి మా అధ్యక్షులవారికి నిద్ర పట్టలేదు. రేపల్లె వైపు ఒక పల్లెటూరి బడిలో ఆడపిల్లలకు రెండు మరుగుదొడ్లు కట్టించాం. కట్టడం తేలిగ్గానే అయిపోయింది. గొడవంతా శిలాఫలకం దగ్గర. దాని మీద పేర్లు ఎక్కించేసరికి అది తలుపు కంటే పెద్దదైంది. కిటికీ తీసేద్దామా అని కూడా ఆలోచించారు. తర్వాత జ్యోతి ప్రజ్వలన. మరుగుదొడ్డి ముందు దీపం వెలిగించవచ్చా కూడదా, వెలిగిస్తే ఏ దిక్కుగా అని వాస్తు తెలిసిన సభ్యుడొకాయన, వాస్తు తెలియని సభ్యుడొకాయన అరగంట వాదించుకున్నారు. చివరికి దీపం హెడ్మాస్టరుగారి గదిలో, రిబ్బను ఇక్కడ అని రాజీ కుదిరింది. ఇత్తడి పళ్లెంలో కత్తెర వచ్చింది. అది దేన్నీ కోయని కత్తెర. మా ఊళ్లో కార్యక్రమాలన్నింటికీ అదొక్కటే తిరుగుతుంది. ముఖ్య అతిథిగారు రిబ్బను తెంపి, బాలికా విద్య గురించి చాలాసేపు మాట్లాడారు. అంతకు ముందు రెండు కాఫీలు, ఒక కొబ్బరిబోండాం పుచ్చుకున్నారు. ప్రసంగం మధ్యలో ఆగి, పక్కవారి చెవిలో ఏదో అడిగి, హుందాగా నడిచి, కొత్త తలుపు తీసుకుని లోపలికి వెళ్లారు. బయట చప్పట్లు. ఇన్నేళ్లలో ఇంత అసలుసిసలైన ప్రారంభోత్సవం నేను చూడలేదు.

సూర్యలంక బీచిలో చెత్త ఏరడం గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. కార్తీకమాసంలో సముద్రస్నానాలకు వచ్చిన జనం వదిలి వెళ్లిన కవర్లు, సీసాలు తీయడానికి ఆదివారం పొద్దున్నే పోయాం. అందరికీ చేతి తొడుగులు, కవర్లో టిఫిను, సీసాలో నీళ్లు ఇచ్చారు. సముద్రపు గాలికి ఫ్లెక్సీ నిలవలేదు. దాన్ని పట్టుకోవడానికే సగంమంది సరిపోయారు. ఎండెక్కగానే మిగతా సగం వెనక్కి తిరిగారు. అక్కడ టీ అమ్ముకునే ఆమె మా వెనకాలే సంచి పట్టుకుని తొడుగులు, టిఫిను కవర్లు ఏరుతూ, "వచ్చేముందు ఒక మాట చెబితే పెద్ద సంచి తెచ్చుకునేదాన్ని గదయ్యా" అంది.

ఇన్ని చెప్పానని నేను క్లబ్బులకు వ్యతిరేకిననుకునేరు. ఫొటోల కోసం చేస్తారని వెక్కిరించేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. కీర్తి ఆశ లేకుండా సేవ చేసే మహానుభావులు లోకంలో ఉండే ఉంటారు. వాళ్లు చందా ఇస్తారని కూర్చుంటే మా ఊరి చలివేంద్రంలో కుండ కూడా ఎక్కదు. ఒక శాలువా, పేపర్లో జిల్లా పేజీలో మూలగా ఒక ఫొటో, ఇంతే కదా మా క్లబ్బులవాళ్లడిగే కూలి! ఈ కూలికి ఆదివారం పొద్దున్న ఎవరొస్తారు? పోలియో చుక్కల రోజుల్లో వచ్చారు. రోటరీ 1985లో ఆ పని నెత్తినేసుకుంది. మావాళ్లు ఏటేటా బస్టాండులో, రేపల్లె రైల్లో, ఇటుకబట్టీల దగ్గర ఐసు పెట్టె మోసుకుంటూ తిరిగి, పసిపిల్లల నోట్లో చుక్కలు వేయించి, ఎడమ చిటికెన వేలికి సిరా పెట్టించారు. దేశంలో చివరి కేసు 2011 జనవరి 13న హౌరాలో. 2014 మార్చి 27న పోలియో లేదని మనకు కాగితం ఇచ్చారు. ఆ రోజు మా క్లబ్బులో స్వీట్లు పంచి, వచ్చే ఆదివారం నుంచి ఏం చేయాలో తోచక కూర్చున్నారు.

శాలువాల విషయంలో కొంత సంస్కరణ జరిగింది. 1987లో లయన్స్, 1989లో రోటరీ ఆడవాళ్లను సభ్యులుగా చేర్చుకోవడానికి ఒప్పుకున్నాయి. మా ఊరికి ఆ కబురు ఆలస్యంగా చేరింది. చేరిన తర్వాత మా ఆవిడ కోశాధికారి అయింది. లెక్కల పుస్తకం తిరగేసి, "ఏవండీ, ఈ శాలువాల డబ్బుతో ఒక కంటి ఆసుపత్రే కట్టొచ్చు గదా" అని, అప్పటి నుంచి చీరాల చేనేత తువ్వాళ్లు కప్పించడం మొదలెట్టింది. ముఖ్య అతిథులు మొదట చిన్నబుచ్చుకున్నారు. తర్వాత ఒకాయన ఫోన్ చేసి, ఇంట్లో వాడుతున్నాం, ఇంకో కార్యక్రమం ఎప్పుడని అడిగాడు.

మిచౌంగ్ తుఫాను మాట చెప్పాలి. 2023 డిసెంబర్ 5 మధ్యాహ్నం అది బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతల కాలం. కోసిన వరి పనల మీద, కోయనిది నేల మీద. రోడ్ల మీద చెట్లు. కరెంటు లేదు. మా క్లబ్బువాళ్లు ఎవరి కోటూ వెతుక్కోకుండా, కల్యాణమండపంలో గాడిపొయ్యి తవ్వి పులిహోర కలిపి, ట్రాక్టరు మీద వేసుకుని తీరం వైపు పేటల్లోకి పోయారు. షాపు గుమ్మం దిగి ఎరగని మనుషులు మోకాటిలోతు నీళ్లలో నడిచారు. ఎవరి ఫోన్లోనూ ఛార్జింగ్ లేదు. ఒక్క ఫొటో లేదు.

జనవరిలో నివేదిక రాయడానికి కూర్చుంటే ఈ విషయం బయటపడింది. ఫొటో లేని సేవను నివేదికలో ఎక్కించే వీలు లేదు, అవార్డుకు పంపే వీలు అసలే లేదు. కార్యదర్శి చాలా బాధపడి, మళ్లీ పులిహోర చేయించి, అందర్నీ ఆ పేటల్లో ఒకదానికి బయల్దేరదీశారు. అక్కడి పెద్దమనిషి ఆశ్చర్యపోయాడు.

"తుఫానప్పుడు పెట్టారు గదా బాబూ?"

"పెట్టాం. ఫొటో తీయలేదు."

"ఓ, అదా. అయితే ఈసారి గుళ్లు కాస్త ఎక్కువేయాల్సింది" అన్నాడు, పొట్లం విప్పి చూసి.

జనం లైనులో నిలబడ్డారు. ఒక కుర్రాడు ముందుకొచ్చి, "మొకం దిగులుగా పెట్టాలాండీ?" అని అడిగాడు. ఇంకొకడు ఎవరూ చెప్పకుండానే బోరింగు దగ్గరకు పోయి తల తడుపుకుని వచ్చాడు. ముసలాయనొకడు మాత్రం, నేను ఆ రోజు నవ్వాను, ఆకలి మీద అన్నం చూస్తే నవ్వరా, ఇప్పుడు ఏడవమంటే ఎట్టా అని మొండికేశాడు. ఆ ఫొటోకి రెండో బహుమతి వచ్చింది. మొదటి బహుమతి వచ్చినవాళ్ల ఫొటోలో గొడుగులు కూడా ఉన్నాయట.

ఇక కళ్ల సంగతి. 1925లో హెలెన్ కెల్లర్ లయన్స్ మహాసభకు వెళ్లి, అంధుల పక్షాన నిలబడండని అడిగింది. అప్పటి నుంచి కంటి వైద్యం వాళ్ల పెద్ద పని. అలాగని మిగతా క్లబ్బులు ఊరుకుంటాయా? డెల్టాలో శుక్లాలు ముదిరిన ముసలీ ముతకా కోసం క్లబ్బులు పోటీలు పడతాయి. రేపల్లెలో మేం శిబిరం పెట్టినప్పుడు కృష్ణ ఒడ్డున లంక ఊరి నుంచి ఒక అవ్వ వచ్చింది. డాక్టరుగారు చూసి, ఎడమ కంటికి ఆపరేషన్ చేయాలి, కుడి కంటికి ముందే అయిపోయిందన్నారు. మా అధ్యక్షులవారు ఉలిక్కిపడ్డారు.

"ఆ కన్ను ఎవరు చేయించారు అవ్వా?"

"కోట్లేసుకున్నోళ్లు నాయనా."

"కోట్లు మేమూ వేసుకుంటాం."

"మీయి గాదు. బాగా కుట్టిచ్చుకున్నోళ్లు."

ఆ మాట ఆయనకు గట్టిగా తగిలింది. అవ్వ ఆపరేషన్‌ను సొంత మనిషి పనిగా దగ్గరుండి చేయించారు. బస్సులో కిటికీ పక్క సీటు ఇప్పించారు. కట్టు విప్పే రోజున ఫ్లెక్సీతో, ఫొటోగ్రాఫరుతో ఆసుపత్రికి వెళ్లి, మంచం ముందు నిలబడి, అసలు ప్రశ్న అడిగారు. "ఏ కన్ను బాగా కనిపిస్తోంది అవ్వా?"

అవ్వ ఎడమ కన్ను మూసి చూసింది. కుడి కన్ను మూసి చూసింది. మళ్లీ ఇంకోసారి తీరిగ్గా చూసి, "వాళ్ల కంటితో చూస్తే లావుగా ఉన్నావు. మీ కంటితో చూస్తే నల్లగా ఉన్నావు" అంది. నర్సమ్మ బయటకు పరుగెత్తింది. అధ్యక్షులవారు కాస్త ఆలోచించి, నలుపే నిజం, మన కన్నే నాణ్యమైందని తీర్పు చెప్పారు.

అవ్వ నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, మందుల సంచి చంకన పెట్టుకుని, గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగింది. "అయితే నాయనా, పళ్లకి ఏ క్లబ్బు?"

ఆ వారం మా క్లబ్బులో ఒక పళ్ల డాక్టరుగారు కొత్త సభ్యుడిగా చేరారు. పక్క క్లబ్బులో ఇద్దరు చేరారు.