జోజిలా ఉస్తాదు

డిసెంబర్లో జోజిలా మీద లారీ తోలేవాడంటే మనం కోరమీసాన్నీ, ఎర్రటి కళ్లనీ, స్టీరింగు మీద ఉక్కు పిడికిళ్లనీ ఊహించుకుంటాం. తీరా సోనామార్గ్‌లో లారీల వరస దగ్గరికెళ్లి చూస్తే ఆయన సీట్లో బాసింపట్టు వేసుక్కూచుని వెల్లుల్లి వలుస్తుంటాడు. ఒంటి మీద మోకాళ్ల దాకా ఫెరన్. దాని లోపల, సరిగ్గా పొట్ట దగ్గర, కాంగ్రీ. అల్లిక బుట్టలో మట్టికుండ, కుండలో కణకణలాడే నిప్పులు. ఒళ్లో కుంపటి పెట్టుకుని కూడా ఇంత తాపీగా ఉండగలిగినవాణ్ణి తొందరపెట్టడం ఎవరి తరం?

ఆయన్ని వరస మొత్తం ఉస్తాద్ అనే పిలుస్తుంది. ఉస్తాద్ అసలు విద్య బండి తోలడం కాదు, ఆపుకుని కూచోడం. శ్రీనగర్ వైపు నుంచి లడాఖ్‌కి వాకిలి ఈ జోజిలా కనుమ. ఎత్తు 3,528 మీటర్లు. మంచు పడితే దారి ఒంటి వరసే. ఇటువాళ్లని వదిలితే అటువాళ్లు ఆగాలి. ఎవర్ని ఎప్పుడు వదలాలో ట్రాఫిక్ పోలీసులు చెబుతారు. వాళ్లు మంచు ఎత్తే సరిహద్దు రోడ్ల సంస్థ, అంటే బీఆర్వో వాళ్ల మాట మీద ఆధారపడతారు, బీఆర్వో వాళ్లు ఆకాశం మీద. ఈ గొలుసంతా తెలుసు కాబట్టే ఉస్తాద్ ఎవర్నీ ఏమీ అడగడు. ఆయన్నే అందరూ అడుగుతారు.

"ఉస్తాద్‌జీ, రోడ్డు ఎప్పుడు తెరుస్తారంటారు?"

ఉస్తాద్ అద్దం దింపి తల బయటపెడతాడు. కొండ వంక చూస్తాడు. మబ్బు వంక చూస్తాడు. ఓసారి గాలి పీల్చి, "రేపు" అంటాడు.

మర్నాడు ఆ అడిగిన కుర్రాడే మళ్లీ వస్తే, "నేను రేపన్నానా, ఇవాళన్నానా?" అని ఎదురు కసురుకుంటాడు. మన ఊళ్లలో ఒకప్పుడు తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసినవాళ్లు ఈయన దగ్గరే నేర్చుకుని ఉండాలి.

ఇంత ప్రశాంతతకీ వెనక క్లీనర్ ఒకడుంటాడు. రాత్రి మధ్యమధ్య లేచి ఇంజను స్టార్ట్ చేసేది వాడు. గాలి ట్యాంకులో నీళ్లు చేరి గడ్డకడితే బ్రేకులు పనిచెయ్యవు కాబట్టి ఆ నీళ్లు వదిలేదీ వాడే. హ్యాండ్‌బ్రేక్ లాగి పడుకునే వీల్లేదు; తెల్లారేసరికి బ్రేక్ షూలు డ్రమ్ముకి కరుచుకుపోయి బండి అడుగు కదలదు. అందుకని గేర్లో పెట్టి, టైరు కింద రాయి వెయ్యాలి. నడుం లోతు మంచులో ఆ రాయి వెతకాల్సింది కూడా వాడే. "చుట్టూ రాళ్ల కొండలు పెట్టుకుని ఒక్క రాయి దొరకలేదంటావేంరా" అని ఉస్తాద్ దుప్పట్లోంచే ఆశ్చర్యపోతాడు.

డీజిల్ సంగతి వచ్చిందంటే మాత్రం ఆయనే స్వయంగా దిగుతాడు. ఈ చలికి మామూలు డీజిల్ నెయ్యిలా పేరుకుంటుంది. 2019 నవంబర్లో ఇండియన్ ఆయిల్ లడాఖ్ కోసం ప్రత్యేకంగా చలికాలం డీజిల్ తెచ్చింది. మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టదు. ఉస్తాద్ దాన్ని పోయించుకుంటాడు, మెచ్చుకుంటాడు, తర్వాత అలవాటు కొద్దీ అందులో కాస్త కిరోసిన్ కలుపుతాడు. తెల్లారగానే గుడ్డపేలికలు అంటించి ట్యాంకు కింద సెగ కూడా పెడతాడు. చూసేవాళ్లకి ప్రాణం గొంతులోకొస్తుంది. ఆయనకి టీ గుర్తొస్తుంది.

టైర్లకి గొలుసులు కట్టుకోమంటే అలుగుతాడు. అవి కొత్తవాళ్లకట. చీకటి పడ్డాక, ఎవరూ చూడకుండా క్లీనర్‌తో కట్టిస్తాడు.

చరిత్ర కూడా ఆయన ముందు నిలబడలేదు. 1948 నవంబర్ 1న జనరల్ తిమ్మయ్య ఈ కనుమ మీదకి ట్యాంకులు ఎక్కించి శత్రువుల్ని బెదరగొట్టాడు. సైనిక చరిత్రలో అది పెద్ద ఘట్టం. ఉస్తాద్ విని, "బాగానే ఎక్కించారు. వెనక పది టన్నుల ఉల్లిపాయలు లేవుగా" అంటాడు.

ఆయన అసలు బాధ వేరే. ఒకప్పుడు ఈ దారి నెలల తరబడి మూతపడేది. 2023లో 68 రోజులకి తెరిచారు, 2025లో 32 రోజులకే తెరిచేశారు. ఆ ఏడాది జనవరిలో సోనామార్గ్ సొరంగం ప్రారంభమైంది. ఇప్పుడు జోజిలా కిందే 13 కిలోమీటర్ల పైచిలుకు సొరంగం తవ్వుతున్నారు. ఆ పని మన హైదరాబాదు కంపెనీ మేఘాది. అందుకే తెలుగు టూరిస్టు ఎవరైనా ఊరి పేరు చెబితే ఉస్తాద్ మొహం మాడుతుంది. "మీరేనా? సొరంగంలో ఎవడైనా తోలతాడు. ఇక నన్ను ఉస్తాద్ అని ఎవడంటాడు?" అంటూనే టీ పోయిస్తాడు. నా మటుకు నాకు ఆ ఫిర్యాదులో న్యాయమే కనిపిస్తుంది గానీ, ప్రతి చలికాలం ఈ రోడ్డు పక్కన బిక్కుబిక్కుమంటూ గడిపే ఆ క్లీనర్ని అడిగితే ఏమంటాడో చెప్పనక్కర్లేదు.

చివరికి దారి వదులుతారు. వరస మొత్తం ఒక్కసారిగా హారన్లు. ఉస్తాద్ రొట్టె కాలేదాకా ఆగి, మూతి తుడుచుకుని, బండి తీస్తాడు. టైరు కింది రాయి ఉన్నచోటే ఉండిపోతుంది. వెనకవాడు దాన్ని తప్పించుకోలేక పెట్టే కేకలు ఈయన దాకా రావు.

అక్కణ్ణుంచి ఆయన వేరే మనిషి. చిన్న గేరు, బ్రేకు జోలికి పోకుండా ఇంజను పట్టు మీదే నడక. కెప్టెన్ మోడ్ లాంటి మలుపుల దగ్గర క్లీనర్ దిగి, చెక్క దిమ్మ పట్టుకుని వెనక టైరు పక్కనే నడుస్తాడు, జారితే వెయ్యడానికి. పక్కన లోయ ఎంతుందో చూడకూడదని వాడికి మొదటిరోజే నేర్పారు. ఇంత దూరమూ ఉస్తాద్ నోట ఒక్క తిట్టు రాదు. క్లీనర్‌కి లోయ కన్నా ఆ మౌనానికే ఎక్కువ భయం.

కనుమ అవతల గుమ్రీ దాటాక తిట్లు మళ్లీ మొదలవుతాయి, వాడు ఊపిరి పీల్చుకుంటాడు. ఇంతలో రోడ్డు నడిమధ్య ఇంత రాయి. ఎవడో టైరు కింద వేసి వదిలేసిపోయాడు. ఉస్తాద్ బండి ఆపుతాడు. ఈ దేశం ఎందుకు బాగుపడదో, తల్లిదండ్రులు పిల్లల్ని ఎలా పెంచుతున్నారో, వెనకొచ్చేవాడి గురించి ఆలోచించనివాడికి లైసెన్సు ఎవరిచ్చారో, అన్నీ వరసగా కడిగేస్తాడు. వెనక ఆగిన పది లారీలు హారన్లు కొడుతున్నా సరే, పూర్తిచేసే ఆపుతాడు. తర్వాత క్లీనర్ వంక తిరిగి అంటాడు:

"చూస్తావేంరా, ఎక్కించు. ద్రాస్‌లో రాత్రికి మనకి రాయి కావాలా వద్దా?"