మా రిపబ్లికన్ బావకు పద్నాలుగెకరాలు

మా బావ డాలస్‌లో రిపబ్లికన్, హుజూరాబాద్‌లో పట్టాదారు. రెండూ ఒక్క మనిషే ఎట్లా అవుతాడని పట్నం పాఠకులకు అనుమానం రావచ్చు. మా మండలంలో ఎవరికీ రాదు, ఊరికొక్క బావ ఇట్లాంటివాడు ఉన్నాడు. అక్కడ నాలుగు బెడ్‌రూముల ఇల్లు, ఇక్కడ పద్నాలుగెకరాల భూమి. రెండింటి మధ్యా సిద్ధాంతం మాత్రం ఒకటే: సర్కారు పైసలిస్తే మనిషి సోమరిపోతు అవుతాడు.

డిసెంబరు ఆఖర్లో దిగుతాడు. ప్రయాణం అలసట తీరకముందే బస్టాండు పక్క హోటల్లో కూర్చుని చెప్పడం మొదలుపెడతాడు. పన్నులు దొంగతనం. యూనివర్సిటీలు కమ్యూనిస్టుల అడ్డాలు. పేపర్లు, టీవీలు అన్నీ అబద్ధాలు. పోరగాళ్లకు భయం లేదు, ఆడపిల్లలకు వంట రాదు, గుడికి పోయేటోడు లేడు. పని చేసేటోడు కడుతుంటే పని చేయనోడు తింటున్నడు. చాయ్ తాగుతున్న పెద్దమనుషులంతా తలలూపుతారు. ఊపక ఏం చేస్తారు? ఇవన్నీ మా తాత అరుగు మీద కూర్చుని చెప్పిన మాటలే. ఆయన వీటి కోసం టెక్సాస్ దాకా పోలేదు, అంతే.

బావకు గురువు రోనాల్డ్ రీగన్. 1981 జనవరిలో ప్రమాణస్వీకారం రోజునే, మన కష్టాలకు మందు ప్రభుత్వం కాదు, అసలు రోగమే ప్రభుత్వం అనే అర్థంలో ఆయన మాట్లాడాడు. అప్పటికి మా బావ లాగు తొడుక్కుని బడికి పోతున్నాడు. సర్కారు బడికే. అది వేరే సంగతి.

వేరే సంగతులు ఇంకా ఉన్నాయి. ఆయన నాయన పొలానికి పారింది కాకతీయ కాలువ నీళ్లు. ఆ కాలువకు తల్లి శ్రీరాంసాగర్. దానికి 1963లో పునాదిరాయి వేసింది నెహ్రూ. బావ ఇంజనీరింగ్ చదివింది వరంగల్ ఆర్‌ఈసీలో, సర్కారు ఫీజుతో. దానికి 1959లో పునాదిరాయి వేసిందీ నెహ్రూనే. అమెరికా తలుపు తెరిచింది 1965 నాటి వలస చట్టం. అంతకుముందు ఇండియా మొత్తానికి ఏడాదికి వంద మంది కోటా. ఆ చట్టం మీద అక్టోబరు 3న సంతకం పెట్టిన లిండన్ జాన్సన్ డెమోక్రాట్. ఇన్ని సర్కారీ మెట్లు ఎక్కి పైన నిలబడి బావ అనే మాట ఏమిటంటే: “నేను ఎవ్వల దగ్గర చెయ్యి చాపలే, బామ్మర్దీ.”

ఈ సిద్ధాంతానికి హుజూరాబాద్ కంటే కఠినమైన పరీక్ష కేంద్రం దేశంలో దొరకదు. 2018 మే 10న కేసీఆర్ రైతుబంధు మొదలుపెట్టింది మా మండలంలోని శాలపల్లి–ఇందిరానగర్‌లో. 2021 ఆగస్టు 16న దళితబంధు మొదలుపెట్టిందీ అక్కడే. ఒకటి భూమి ఉన్నవాడికి ఎకరాల లెక్కన, రెండోది దళిత కుటుంబానికి పది లక్షలు. ఒక్క ఊళ్లో, ఒక్క ముఖ్యమంత్రి, ఒక్క ఖజానా. కానీ బావ లెక్కలో మొదటిది పెట్టుబడి సాయం, రెండోది ఉచితం. భూమి ఉన్నవాడికి ఇస్తే వ్యవసాయం నిలబడుతుందట, లేనివాడికి ఇస్తే అలవాటు చెడుతుందట. రైతుబంధుకు భూపరిమితి ఉండేది కాదు, కాబట్టి పద్నాలుగెకరాలకూ ఏడాదికి లక్షా నలభై వేలు డాలస్‌లో నిద్రపోతున్నవాడి ఖాతాలో పడ్డాయి. ఆయన అలవాటు ఏమీ చెడలేదు. ఈసారి దిగంగనే రైతు వేదికకు నడిచాడు, నన్ను వెంటబెట్టుకుని.

అక్కడి వ్యవసాయ విస్తరణాధికారి (ఏఈవో) చిన్నపిల్ల, ఉద్యోగంలో కొత్త. ట్యాబులో సర్వే నంబరు కొట్టి చూసింది.

“సార్, పదకొండెకరాలకు పడ్డయి. మూడెకరాలకు రాదు.”

“ఎందుకు రాదు?”

“అది హైవే పక్కది కదా సార్, ప్లాట్లు చేసిండ్రు. సాగు లేని జాగకు రైతు భరోసా ఇయ్యొద్దని రూల్ వచ్చింది.”

“మొన్నటిదాకా పడ్డయి కదమ్మా?”

“అప్పుడు రైతుబంధు సార్.”

“హద్దురాళ్ల నడుమ గడ్డి మొలుస్తలేదా?”

“గడ్డి పంట కాదు సార్.”

బావ ముఖం చూడాల్సింది. చిన్న ప్రభుత్వం కావాలని ఇరవై ఏళ్లుగా ఎలుగెత్తినవాడికి ఎదురుగా మూడెకరాల మేర చిన్నదైన ప్రభుత్వం నిలబడి ఉంది. “గిది నా హక్కు. పైకి రాస్త, కలెక్టర్‌ను కలుస్త” అన్నాడు. గుమ్మం దగ్గర మా కౌలుదారు నిలబడి ఉన్నాడు, యూరియా సంగతి అడగడానికి వచ్చాడు. ఆ పదకొండెకరాల్లో నాటు వేసేది, నీళ్లు కట్టేది, కోత కోయించేది అతనే. కౌలు ముందే కట్టాడు. ఆ పిల్ల ట్యాబులో మాత్రం అతని పేరు ఎక్కడా లేదు. రైతుబంధులోనూ లేదు. 2023 ఎన్నికల మేనిఫెస్టోలో కాంగ్రెస్ ఎకరానికి పదిహేను వేలు, కౌలు రైతులకు కూడా అని రాసింది. అది రైతు భరోసా పేరుతో 2025 జనవరిలో పన్నెండు వేలుగా మొదలైనప్పుడు కౌలు రైతు మళ్లీ గుమ్మం దగ్గరే ఆగాడు.

ఇది మా ఊరి వింత అనుకోకండి. బావ పార్టీ సొంత గడ్డ మీదా ఇదే నడుస్తుంది. చైనాతో సుంకాల యుద్ధంలో సోయా రైతులు నష్టపోతే 2018, 2019లో ట్రంప్ ప్రభుత్వం రైతులకు దాదాపు 28 బిలియన్ డాలర్లు పంచింది. అయోవాలో దాన్ని ఎవరూ ఉచితం అనలేదు. 2009లో దక్షిణ కరోలినాలో ఒక పెద్దాయన తమ రిపబ్లికన్ ఎంపీ బాబ్ ఇంగ్లిస్‌ను నిలదీశాడు: నా మెడికేర్ మీద సర్కారు చెయ్యి వేయొద్దు అని. మెడికేర్ నడిపేదే సర్కారు. ఆ పెద్దాయన మా హోటల్లో కూర్చుంటే బావ పక్కనే కుర్చీ వేసేవాళ్లం.

బావ చెప్పేదంతా తప్పని నేననను. 2021 ఉప ఎన్నికలో డబ్బుల కవర్లు అందలేదని మా నియోజకవర్గంలో కొన్ని ఊళ్ల జనం రోడ్డెక్కిన వీడియోలు డాలస్ దాకా పోయాయి. బావ ఆ రాత్రి ఫోన్ చేసి, “మనిషిని కొనేశిండ్రు, చూస్తున్నవా?” అన్నాడు. సిగ్గుపడాల్సిన మాటే, పడ్డాను. కానీ తర్వాత ఏమైంది? దళితబంధుకు మా ఒక్క నియోజకవర్గానికే రెండు వేల కోట్లు అన్నారు. మంత్రులంతా ఇక్కడే మకాం వేశారు. అక్టోబరు 30న పోలింగ్ 86 శాతం దాటింది. నవంబరు 2న పెట్టె తెరిస్తే ఈటల రాజేందర్ 23,855 ఓట్లతో గెలిచాడు, పంచిన పార్టీ ఓడింది. ఉచితాలు ఇస్తే ఓటు బానిస అవుతుందన్న సిద్ధాంతాన్ని మా జనం కవరుతో సహా జేబులో వేసుకుని పోలింగ్ బూత్‌లోకి పోయారు. ఈ సంగతి అడిగితే బావ, “అది దేశభక్తి” అని తేల్చేశాడు. ఆయన పార్టీ కాకపోయినా ఆ రోజు గెలిచిన జెండా ఆయనకు నచ్చింది మరి.

మీడియా మాటకు వస్తే, బావ నమ్మేది ఫాక్స్ న్యూస్‌ను, ఆ తర్వాత కుటుంబం వాట్సాప్ గ్రూపును. 2020 ఎన్నికల్లో ఓటింగ్ యంత్రాలు మోసం చేశాయన్న ప్రచారం మీద డొమినియన్ కంపెనీ వేసిన పరువునష్టం కేసులో 2023 ఏప్రిల్‌లో ఫాక్స్ 78 కోట్ల 75 లక్షల డాలర్లు చెల్లించి రాజీపడింది. ఆ వార్త బావకు చేరలేదు, ఎందుకంటే అది మిగతా చానళ్లలో వచ్చింది. దీనికి మనం నవ్వే అర్హత పెద్దగా లేదు. ఇక్కడ ఏ ఇంట్లో ఏ చానల్ మోగుతుందో విని ఆ ఇంటి ఓటు చెప్పొచ్చు.

స్వేచ్ఛ అంటే బావకు ప్రాణం. అయితే ఆయన కాలనీలో ఇళ్ల యజమానుల సంఘం ఒకటుంది. ముందర గడ్డి కాస్త ఎత్తు పెరిగితే నోటీసు, తలుపు రంగు మార్చాలంటే దరఖాస్తు, చెత్తడబ్బా రోడ్డు మీద మర్చిపోతే జరిమానా. మా మున్సిపాలిటీ వాళ్లు అందులో సగం చేసినా ధర్నాకు ముందు నిలబడేది బావే. అక్కడ మాత్రం శనివారం పొద్దున్నే గడ్డి మిషన్ తోస్తూ సెల్ఫీ పెడతాడు.

తుపాకుల విషయం నవ్వుతూ రాయలేను. 1990ల్లో మా దిక్కు రాత్రి తలుపు చప్పుడైతే, వచ్చింది అన్నలా, పోలీసులా అని ఊపిరి బిగబట్టేవాళ్లం. మా మామ పొలం కౌలుకిచ్చి టౌన్లో ఇల్లు కట్టుకున్నది ఆ భయానికే. ఆ ఇంటి నుంచే వచ్చిన బావకు ఇప్పుడు తుపాకి ఉండటం రాజ్యాంగ హక్కు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఓలేత్‌లో శ్రీనివాస్ కూచిభొట్లను మా దేశం విడిచిపో అంటూ ఒకడు కాల్చి చంపినప్పుడు బావ చాలా రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ తర్వాత రెండో తుపాకి కొన్నాడు.

వలసల మీద ఆయన మాట స్పష్టం: “లైన్ల నిలబడి రావాలె, దొంగతనంగ కాదు.” బాగుంది. 2025 సెప్టెంబరు 19న ట్రంప్ ఒక్క సంతకంతో బయటి నుంచి వచ్చే కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల ఫీజు పెట్టాడు. మన పైసల్లో అప్పటికి దాదాపు 88 లక్షలు, అంటే తొమ్మిది దళితబంధులకు కాస్త తక్కువ. హైదరాబాద్‌లో పనిచేస్తున్న బావ మేనల్లుడు లైన్లోనే నిలబడి ఉన్నాడు, చట్టప్రకారం, కాగితాలన్నీ పట్టుకుని. పోరడు ఫోన్ చేస్తే బావ, “ఇది బేరం కోసం పెట్టిన ఫీజు, తగ్గిస్తడు చూడు” అన్నాడు. పోరడు ఇప్పుడు జర్మన్ నేర్చుకుంటున్నాడు.

అమెరికాలో 2010 నుంచి 2017 మధ్య అందరికంటే వేగంగా, 86 శాతం పెరిగిన భాష తెలుగు అని మన పేపర్లన్నీ గర్వంగా వేశాయి, గుర్తుందా? ఆ లెక్క తీసింది సెంటర్ ఫర్ ఇమిగ్రేషన్ స్టడీస్ అనే సంస్థ. వలసలు తగ్గించాలన్నది వాళ్ల వాదం. మనం సన్మానం అనుకుని శాలువా కప్పుకున్నాం, వాళ్లు కొలత తీసుకుంటున్నారు.

2024 ఆగస్టులో టెక్సాస్‌లోని షుగర్‌ల్యాండ్‌లో 90 అడుగుల ఆంజనేయస్వామి విగ్రహం వెలిసింది, చినజీయర్ స్వామి సంకల్పంతో. బావ కూడా చందా రాశాడు. మరుసటి ఏడాది సెప్టెంబరులో టెక్సాస్ రిపబ్లికన్ నాయకుడు అలెగ్జాండర్ డంకన్, మనది క్రైస్తవ దేశం, ఈ అబద్ధపు దేవుడి విగ్రహాన్ని ఎందుకు ఉండనిస్తున్నామని బహిరంగంగా అడిగాడు. “గసొంటోళ్లు అన్ని పార్టీలల్ల ఉంటరు” అన్నాడు బావ, చాయ్ కప్పులోకి చూస్తూ. మా పక్కన జనగామ జిల్లా కొన్నెలో బుస్స కృష్ణ అనే యువకుడు ట్రంప్‌కు ఆరడుగుల విగ్రహం పెట్టి పూజలు చేశాడు. 2020 అక్టోబరులో చనిపోయాడు. లోకమంతా నవ్వింది. కానీ అతని భక్తికి పాస్‌బుక్కు లేదు. బావ భక్తికి ఉంది.

ఈ సంక్రాంతికి మీ ఇంటికీ ఒక రిపబ్లికన్ బావ వస్తాడు. రీగన్ గురించి, ఫాక్స్ గురించి ఆయనతో వాదించకండి, సకినాలు పెట్టండి. పోయే ముందు మాత్రం ఒక్క మాట అడగండి: నీ ఖాతాలో పడ్డ రైతు భరోసా పైసలు ఈ ఏడు కౌలులో తగ్గించుకుంటవా, బావా? మా బావను నేను అడిగాను. ఆలోచిస్తానన్నాడు. ఆ మూడెకరాల దరఖాస్తు మాత్రం ఆలోచించకుండానే పెట్టి పోయాడు.